మిరియాల దారిలో క్రిస్మస్ సంత

యూరప్ క్రిస్మస్ సంతల ఫొటోలు చూసి ముచ్చటపడుతున్నారా? అక్కడ గుబాళించే మిరియం, ఏలక్కాయ, శొంఠి బయల్దేరిన దారి మన దక్షిణాదిలోనే ఉంది. కోయంబత్తూరు తెలుగువాళ్ళ పొరుగున ఉన్న పోదనూరు జంక్షన్ నుంచి నీలగిరి ఎస్టేట్ల దాకా, ఈ డిసెంబరుకి ఒక ప్రయాణం.

నవంబరు నెలాఖరు వచ్చిందంటే చాలు, విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. చెక్కతో కట్టిన చిన్న చిన్న దుకాణాలు, పైన దీపాల తోరణాలు, చేతిలో పొగలు కక్కే కప్పు, వెనకాల పాతకాలపు దొరల భవంతి. జర్మనీలో ఈ సంతలు నడిబజారులో, చర్చి ముంగిట సాగుతాయి. డ్రెస్డెన్ సంతకు 1434 నుంచి చరిత్ర ఉంది. ఇంగ్లండులో డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ లాంటి పెద్ద ఎస్టేట్లు తమ ఆవరణలోనే దుకాణాలు వేయించి జనాన్ని రమ్మంటాయి. జమీందారీ భవనం చూసినట్టూ ఉంటుంది, పండగ బజారు చేసినట్టూ ఉంటుంది.

మన దగ్గర అలాంటిది ఉందా అంటే, టికెట్టు కొని గేటు దాటగానే అన్నీ ఒకేచోట కనబడే ఎస్టేట్ సంత కోసం వెతికితే నిరాశే. ఆ సంతలో ఉండేవి మాత్రం అన్నీ ఉన్నాయి. కేకు, మసాలా దినుసులు, టీ, చేతి అల్లికలు, రాతి చర్చి, దొరల బంగళా... ఇవన్నీ ఒక రైలు దారి పొడవునా ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్కటి పరుచుకుని ఉన్నాయి. ఏ వస్తువు దుకాణం ఆ వస్తువు పుట్టిన చోటే ఉందన్నమాట. ఆ దారి మొదలయ్యేది పోదనూరులో.

ఆగస్టస్ నాణేల ఊరు

కోయంబత్తూరుకు దక్షిణాన, ఇప్పుడు నగరంలో కలిసిపోయిన రైల్వే ఊరు పోదనూరు. దాని పక్కనే వెల్లలూరు. 1842లో అక్కడ భూమిలోంచి రోమన్ వెండి నాణేల కుప్ప బయటపడింది. ఆ తర్వాత కూడా మరికొన్ని దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల బొమ్మలున్న దీనారాలు.

బైబిలు చదివినవాళ్ళకు ఈ రెండు పేర్లూ పరిచయమే. జనసంఖ్య రాయించుకోవాలని ఆగస్టస్ ఆజ్ఞ ఇవ్వడం వల్లే మరియమ్మ, యోసేపు బేత్లెహేముకు బయల్దేరారని లూకా సువార్త చెబుతుంది. కైసరుకు పన్ను కట్టాలా వద్దా అని అడిగినప్పుడు యేసు తెప్పించి చూసిన నాణెం టైబీరియస్ దీనారమే అయి ఉంటుందని చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. అంటే క్రిస్మస్ కథ నడిచిన కాలంలో ఆ దేశంలో చలామణీ అయిన డబ్బే పోదనూరు పొలిమేరకూ చేరింది.

ఎందుకు చేరిందో తెలియాలంటే పటం చూడాలి. పడమటి కనుమలు గోడ కట్టినట్టు సాగిపోతూ పాలక్కాడు దగ్గర దాదాపు ముప్ఫై కిలోమీటర్ల మేర తెరుచుకుంటాయి. ఆ కనుమ తూర్పు వాకిట్లో ఉన్నాయి వెల్లలూరు, పోదనూరు. మలబారు రేవుల నుంచి కావేరి తీరానికి వెళ్ళే సరుకు ఈ వాకిలి గుండానే నడిచేది. భారతదేశపు సరుకుల కోసం రోమ్ ఏటా ఐదు కోట్ల సెస్టెర్షియస్ నాణేలు పోగొట్టుకుంటోందని మొదటి శతాబ్దంలోనే ప్లినీ వాపోయాడు. ఆ సరుకుల్లో ముఖ్యమైనది మిరియం.

పద్నాలుగు వందల ఏళ్ళు గడిచాక కూడా యూరప్‌కు ఆ రుచి తగ్గలేదు. 1505లో అల్మేయిడా నాయకత్వంలో పోర్చుగీసు నౌకలు భారతదేశానికి బయల్దేరినప్పుడు వాటిలో మూడు ఓడలకు పెట్టుబడి పెట్టింది జర్మన్ వర్తకులు. ఆగ్స్‌బర్గ్‌కు చెందిన వెల్సర్లు, ఫుగ్గర్లతో పాటు నూరెంబర్గ్‌కు చెందిన హిర్ష్‌ఫోగెల్, ఇమ్‌హోఫ్ కుటుంబాలు కూడా వాళ్ళలో ఉన్నాయి. నూరెంబర్గ్ అంటే ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే క్రిస్మస్ సంత ఊరు. అక్కడ అమ్మే లేబ్‌కూకెన్ అనే తేనె రొట్టెలో ఏలక్కాయ, అల్లం, దాల్చినచెక్క, లవంగం పడాల్సిందే. దూరదేశపు దినుసు దొరకడం వల్లే ఆ రొట్టె ఆ ఊరి గొప్పతనమైంది. మన పిల్లలు అక్కడ ఐదు యూరోలు పెట్టి కొనుక్కుని తినే వాసనలో సగం ఇక్కడి కొండలదే.

కోవై తెలుగువాళ్ళు

కోయంబత్తూరును తమిళులు ముద్దుగా కోవై అంటారు. ఇక్కడ తెలుగు ఐదు వందల ఏళ్ళ నాటి మాట. విజయనగర కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయక రాజుల కాలంలోనూ సైనికులుగా, రైతులుగా, వర్తకులుగా తెలుగువాళ్ళు ఇక్కడికి వచ్చి నల్లరేగడి భూముల్లో స్థిరపడ్డారు. కమ్మ నాయుళ్ళు, బలిజలు, రెడ్లు, దేవాంగులు, తొట్టియ నాయకులు, అరుంధతీయులు... ఇలా ఎన్నో సమూహాలు. వీళ్ళలో ఎక్కువమందికి బయట తమిళం, బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. రాయడం రాకపోయినా మాట పోలేదు. ఆ వలస కథను కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలోనే రాశారు.

పత్తి పండించిన రైతులే తర్వాత మిల్లులు పెట్టారు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ స్థాపించారు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కుమారులు 1926లో పెట్టిన పీఎస్‌జీ ధర్మసంస్థ నుంచి కాలేజీలు, ఆసుపత్రి పుట్టాయి. ఊరి ఆవిష్కర్త జి.డి. నాయుడి పేరు తెలియని కోవై పిల్లాడుండడు. మిల్లుకు పత్తి రావాలన్నా, నూలు పోవాలన్నా రైలే ఆధారం. అలా తెలుగువాళ్ళకీ రైల్వే జంక్షన్‌కీ పాత చుట్టరికం.

క్రిస్మస్‌తో తెలుగుకు ఈ నేల మీద ఉన్న సంబంధం ఇంకా పాతది. ఇటలీ నుంచి వచ్చిన జెసూట్ ఫాదరీ రాబర్ట్ డి నోబిలి 1606లో మదురై చేరాడు. అప్పటికి అక్కడి కొలువు భాష తెలుగు. ఆయన తమిళంతో పాటు సంస్కృతం, తెలుగు కూడా నేర్చుకున్నాడు. ఆయనకు పాఠం చెప్పిన గురువు శివధర్మ అనే తెలుగు బ్రాహ్మణుడు. అంటే సర్కారు జిల్లాల్లో మిషనరీలు తెలుగు బళ్ళు పెట్టడానికి రెండు వందల ఏళ్ళ ముందే, యేసు కథ చెప్పాలనుకున్న ఒక పరదేశి మదురైలో తెలుగు దిద్దుకున్నాడు.

జంక్షన్ పండగ

మద్రాసు నుంచి పడమటి తీరంలోని బేపూరు దాకా వేసిన రైలు దారి 1862లో పోదనూరు చేరింది. కోయంబత్తూరు నగరానికి అప్పటికి ఇంకా స్టేషను లేదు. 1873లో పోదనూరు నుంచి కోయంబత్తూరు మీదుగా మెట్టుపాళయానికి శాఖ వేశాకే నగరానికి రైలు వచ్చింది. ఊటీ వెళ్ళే దొర ఎవరైనా పోదనూరులో బండి మారాల్సిందే. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు, వాళ్ళ కుటుంబాలతో ఇక్కడొక రైల్వే కాలనీ పెరిగింది. ఆ ఉద్యోగాల్లో ఆంగ్లో-ఇండియన్లు ఎక్కువగా ఉండేవారు. ఇప్పటికీ సిగ్నల్, టెలికాం వర్క్‌షాపు ఇక్కడే ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు చాలావరకు ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో వెళ్ళిపోయాయి. ఉండిపోయినవాళ్ళు పోదనూరు క్రిస్మస్‌ను నిలుపుకున్నారు. డిసెంబరు మొదలవగానే పెంకుటిళ్ళ వసారాల్లో కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. నవంబరులోనే రమ్ములో నానబెట్టిన ఎండుద్రాక్ష, చెర్రీ, నారింజ తొక్క ముక్కలు జాడీల్లో ఎదురుచూస్తుంటాయి. అల్లం వైను సీసాల్లోకి వడకడతారు. బజ్జీల మూకుడులోకి పండగ వారమంతా గులాబీ పువ్వులూ కుల్‌కుల్‌లూ దిగుతాయి.

గులాబీ పువ్వుల అచ్చు మన గుంటూరు, కృష్ణా క్రైస్తవ ఇళ్ళలో కూడా ఉంటుంది. పిండిలో ముంచి కాగే నూనెలో పెడితే పువ్వు విచ్చుకుని అచ్చు వదిలేస్తుంది. స్వీడన్, నార్వేలలో క్రిస్మస్‌కి ఇదే అచ్చుతో ఇదే వంటకం చేస్తారు. ఇక కుల్‌కుల్ చూడగానే తెలుగు ఆడవాళ్ళు నవ్వేస్తారు. మైదాలో కొబ్బరిపాలు కలిపి, దువ్వెన పళ్ళ మీదో ఫోర్కు వెనకో నొక్కి చుట్టి, వేయించి, పాకం పట్టేది మన గవ్వలే. మన వాళ్ళు చెక్క పీట మీద గీతలు పెడతారు, వాళ్ళు దువ్వెన మీద పెడతారు. పోదనూరు వీధుల్లో ఆ పళ్ళాలు ఇళ్ళ మధ్య తిరిగేటప్పుడు ఏది ఎవరింటి వంటో తేల్చడం తేలిక కాదు. దీపావళికి వెళ్ళిన మురుకుల పళ్ళెం క్రిస్మస్‌కి కేకు ముక్కలతో తిరిగి రావడం ఇలాంటి కాలనీల్లో ఎప్పటినుంచో ఉన్న మర్యాద.

అందుకే మన ప్రయాణంలో మొదటి మజిలీ ఇదే. ఇక్కడ దుకాణాల వరుస ఉండదు. ఇంట్లో కేకులు చేసి ఆర్డరు మీద అమ్మేవాళ్ళుంటారు. డిసెంబరు మొదటి వారంలోనే అడిగి పెట్టుకోవాలి. పండగ వారంలో అడిగితే వాళ్ళ పొయ్యికి తీరిక ఉండదు.

కేకు పుట్టిన ఎస్టేటు

ఇప్పుడు రెండు దారులున్నాయి. పడమటికి వెళ్తే మలబారు, ఉత్తరానికి వెళ్తే నీలగిరి. తీరిక ఉన్నవాళ్ళు రెండూ చూడొచ్చు.

పోదనూరు మీదుగా మంగళూరు వైపు వెళ్ళే దారిలో తలశ్శేరి వస్తుంది. ఆ ఊరికి దగ్గర్లోనే అంజరక్కండి. ఈస్టిండియా కంపెనీ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అక్కడ పెద్ద దాల్చినచెక్క తోట వేసింది. అది తర్వాత బ్రౌన్ కుటుంబం చేతికి వచ్చింది. 1883లో ఆ తోట యజమాని మర్డాక్ బ్రౌన్ ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న క్రిస్మస్ కేకు పట్టుకుని తలశ్శేరిలోని రాయల్ బిస్కెట్ ఫ్యాక్టరీకి వచ్చాడట. యజమాని మంబల్లి బాపు బర్మాలో బిస్కెట్ల పని నేర్చుకుని వచ్చినవాడు. ఇలాంటిది చేయగలవా అని బ్రౌన్ అడిగాడు. ఫ్రెంచి బ్రాందీ వేయమని చెబితే బాపు దాని బదులు జీడిమామిడి పళ్ళతో, అరటిపళ్ళతో పులియబెట్టిన నాటు సరుకు వేశాడు. అచ్చు పక్క ఊరి కమ్మరి దగ్గర చేయించాడు. రుచి చూసిన బ్రౌన్ మరో డజను కేకులకు అక్కడికక్కడే ఆర్డరు ఇచ్చాడని మంబల్లి వారి కథనం. మన దేశంలో తయారైన తొలి క్రిస్మస్ కేకు ఇదేనని కేరళ చెప్పుకుంటుంది. ఎస్టేట్ దొర ఆశ, ఊరి బేకరీ చెయ్యి కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

నీలగిరిలో కూడా కథ ఇలాగే నడిచింది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో కొండెక్కి కోటగిరి దగ్గర మకాం వేశాడు. ఆ తర్వాత ఊటీలో రాతి ఇల్లు కట్టుకుని, దాని చుట్టూ బంగాళాదుంప, బార్లీ, సీమ పళ్ళ చెట్లు వేయించాడు. ఊటీలో సెయింట్ స్టీఫెన్స్ చర్చికి 1829లో పునాది వేశారు. దాని పైకప్పు టేకు దూలాలు టిప్పు సుల్తాను శ్రీరంగపట్టణం మహలు నుంచి విప్పి తెచ్చినవి. కాఫీ తోటలు, వాటి వెంట టీ తోటలు వచ్చాయి. కొండ మీద పండిన కాఫీని శుభ్రం చేసి ఎగుమతికి సిద్ధం చేయడానికి రాబర్ట్ స్టేన్స్ 1861లో కోయంబత్తూరులో కార్ఖానా పెట్టాడు. మరుసటి ఏడే బడి పెట్టాడు. రెండూ ఆయన పేరుతోనే నిలిచాయి.

కొండ మీద దొరల ఇళ్ళకూ కింద ఊరికీ మధ్య ఉత్తరాలు మోసిన ముత్తుస్వామి మొదలియార్ అనే తపాలా బంట్రోతు అక్కడి వెన్న వ్యాపారం కొనుక్కుని 1905లో దుకాణం తెరిచాడు. అదే నీలగిరీస్. తర్వాత బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో క్రిస్మస్ కేకులకు పేరుపడ్డ ఆ సంస్థ వేళ్ళు ఈ ఎస్టేట్ల వెన్నలోనే ఉన్నాయి.

కొండెక్కేదెలా?

నీలగిరి కొండ రైలు మెట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో, ఊటీకి 1908లో నడిచింది. 46 కిలోమీటర్లు, 16 సొరంగాలు, 250 వంతెనలు. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ళ కమ్మీ ఉంటుంది. ఇంజను కింది పళ్ళచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. యునెస్కో 2005లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఉదయం 7 గంటల 10 నిమిషాలకు మెట్టుపాళయంలో బయల్దేరి మధ్యాహ్నానికి ఊటీ చేరుతుంది. దిగే రైలు ఊటీలో మధ్యాహ్నం 2 గంటలకు. చెన్నై నుంచి వచ్చే నీలగిరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే మెట్టుపాళయం చేరి ఈ బండిని అందిస్తుంది. కోయంబత్తూరు నుంచి లోకల్ రైళ్ళున్నాయి కానీ పొద్దుటి కొండ రైలు అందుకోవాలంటే ముందు రాత్రే మెట్టుపాళయంలో ఉండడం మంచిది.

రిజర్వేషన్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు. క్రిస్మస్ వారానికి కావాలంటే అక్టోబరు చివర్లోనే కంప్యూటరు ముందు కూర్చోవాలి. సీట్లు బహు తక్కువ. దొరికినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈశాన్య రుతుపవనాల వానలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కల్లార్, కూనూరు మధ్య కొండచరియలు విరిగిపడటం, రైలు కొన్ని రోజులు ఆగిపోవడం మామూలే. కాబట్టి బస్సు దారి కూడా మనసులో ఉంచుకుని వెళ్ళాలి. కూనూరు దారి మూసుకుంటే కోటగిరి దారి ఉంటుంది.

కారులో వెళ్ళేవాళ్ళకు మరో పని ఉంది. మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే నుంచి నీలగిరి జిల్లాకు బయటి బండ్లు రావాలంటే ఈ-పాస్ తీసుకోవాలి. ఫోనులోనే ఉచితంగా వస్తుంది కానీ తీసుకోకుండా వెళ్తే తనిఖీ దగ్గర ఆపుతారు. ప్రభుత్వ బస్సులో వెళ్ళేవాళ్ళకు ఆ గొడవ లేదు. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలను కొండ మీద నిషేధించారు. ఇంటి నుంచి స్టీలు సీసా తీసుకెళ్ళండి.

బట్టల విషయంలో కోస్తా వాళ్ళు తరచూ పొరబడతారు. పోదనూరులో డిసెంబరు పగలు చొక్కాతో తిరగొచ్చు. రెండు వేల రెండు వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊటీలో అదే రోజు రాత్రి నీళ్ళు గడ్డకట్టే చలి రావచ్చు. పిల్లలకు చెవులు కప్పే టోపీ, పెద్దలకు ఉన్ని శాలువా తప్పనిసరి. మొదటి రాత్రి కూనూరులో ఆగితే ఒంటికి చలి అలవాటవుతుంది, ఎస్టేట్లు కూడా అక్కడే దగ్గర.

ఏ దుకాణం ఎక్కడ?

కింద నుంచే మొదలుపెడదాం. మెట్టుపాళయం నీలగిరి కూరగాయలకు టోకు బజారు. కొండ మీద తవ్విన బంగాళాదుంపలు, క్యారెట్టు, బీట్‌రూట్, వెల్లుల్లి లారీల్లో దిగి ఇక్కడే వేలానికి వస్తాయి. పొద్దున్నే వెళ్తే సంత సందడి ఏమిటో తెలుస్తుంది. కొనడం మాత్రం దిగేటప్పుడు పెట్టుకోవాలి.

కూనూరులో టీ. ఇక్కడ 1963 నుంచి వేలం కేంద్రం నడుస్తోంది. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి ఎక్కువై, పగలు ఎండగా ఉంటే చిగురు మెల్లగా పెరుగుతుంది. వాసన చిక్కబడుతుంది. ఆ రోజుల్లో కోసిన ఆకుతో చేసేది ఫ్రాస్ట్ టీ. చలి ఇంకాస్త ముదిరి మంచు కాటేసిందా, అదే చిగురు మాడి నల్లబడుతుంది. రైతుకు ఈ రెంటి మధ్యే ఆ నెల గడుస్తుంది. ఫ్యాక్టరీ లోపల తిప్పి చూపించేవి కూనూరు, ఊటీ చుట్టుపక్కల ఉన్నాయి. ఆకు వాడబెట్టడం, నలపడం, రంగు తిరగనివ్వడం, ఎండబెట్టడం వరుసగా చూశాక పొట్లం మీద పండించిన తోట పేరు, కోసిన నెల ఉన్నాయో లేదో చూసి కొనండి. తోట పేరు లేనిది చాలా తోటల కలగలుపు.

ఊటీలో వర్కి. పొరలు పొరలుగా విరిగే ఈ బిస్కెట్టు కట్టెల పొయ్యిలో కాలుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేడివేడిగా కొని టీలో ముంచుకు తినాలి. ఇంట్లో తయారయ్యే చాక్లెట్లు ప్రతి వీధిలో ఉంటాయి. తూకం వేసేటప్పుడు జీడిపప్పున్నవీ లేనివీ వేరుగా అడగండి.

అల్లికలంటే ఇక్కడి తోడా గిరిజనులవే. తెల్లటి మందపాటి నూలు గుడ్డ మీద ఎరుపు, నలుపు దారాలతో, గీత గీయకుండా పోగులు లెక్కపెట్టుకుంటూ తోడా ఆడవాళ్ళు కుడతారు. 2013లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిషను మీద కుట్టిన నకళ్ళు అదే బజారులో ఉంటాయి. గుడ్డ తిరగేసి చూస్తే అసలుదానికి వెనకవైపు కూడా పని అంతే తీరుగా ఉంటుంది. ఇలా కుట్టిన శాలువా ఒకటి పూర్తవడానికి వారాలు పడుతుంది. బేరమాడేముందు అది గుర్తుంచుకోవాలి.

మిరియాలు, ఏలకులు, లవంగాలు కొనాలంటే గూడలూరు వైపు తోటలు ప్రసిద్ధి. తిరుగు ప్రయాణంలో కోయంబత్తూరులో ఆగితే కోరా నూలు చీరలున్నాయి. ఊరి పేరుతోనే భౌగోళిక గుర్తింపు ఉన్న వెట్ గ్రైండరు కూడా ఉంది, మోయగలిగే ఓపిక ఉంటే.

ఇంత దూరం రాలేనివాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు. తెలంగాణలో ఉన్నవాళ్ళకు మెదక్ చర్చి ఉంది. కరవు కాలంలో పనికి ఆహారంగా చార్లెస్ వాకర్ పోస్నెట్ మొదలుపెట్టించిన ఆ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధన నుంచి రాత్రి దాకా విశాలమైన ఆవరణ చుట్టూ జాతర సాగుతుంది. అన్ని మతాల వాళ్ళూ వస్తారు. 2022 నుంచి మెదక్‌కు రైలు కూడా ఉంది. మదురై వైపు వెళ్ళేవాళ్ళు ఇడైకాట్టూరులో ఫ్రాన్సులోని రీమ్స్ చర్చి పోలికతో 1894లో కట్టిన తిరుహృదయ ఆలయం చూడొచ్చు.

ఎస్టేటు ఎవరిది?

ఎస్టేట్ చూడబోయేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది, అది వినోద ఉద్యానవనం కాదని. చాలా తోటల్లోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. ఫొటో కోసం వరుసల మధ్యకు దిగితే చిగురు తొక్కినట్టే. సాయంత్రం చీకటి పడ్డాక కూనూరు, కోటగిరి తోటల్లో అడవిదున్నలు మేతకు దిగుతాయి. చిరుత కూడా తిరుగుతుంది. ఐదున్నరకల్లా గదికి చేరాలన్న నియమం పెట్టుకోవడం మంచిది. ఎస్టేట్ బంగళాల్లో కొన్ని ఇప్పుడు అతిథి గృహాలయ్యాయి. క్రిస్మస్ వారం గదులు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి డిసెంబరు మధ్యలో వెళ్ళడం మేలు. అలంకారాలన్నీ అప్పటికే ఉంటాయి, జనం సగం ఉంటారు, కేకు అప్పుడే బయటికి తీస్తారు.

బంగళా చూశాక దాని కింద వాలులో వరుసగా కట్టిన లైన్ ఇళ్ళ వైపు కూడా చూడాలి. ఆ తోటల్లో ఆకు కోసేవాళ్ళలో చాలామందిది శ్రీలంక నుంచి తిరిగివచ్చిన తమిళ కుటుంబాల కథ. 1964 నాటి సిరిమావో-శాస్త్రి ఒప్పందంతో వేల కుటుంబాలు ఇటు వచ్చాయి. వాళ్ళకు పని చూపడానికే తమిళనాడు ప్రభుత్వం 1968లో టీ తోటలు వేయించింది. అదే తర్వాత టాన్‌టీ సంస్థ అయింది. ఈ లైన్ ఇళ్ళలో క్రైస్తవ కుటుంబాలున్నాయి. బంగళా గుమ్మానికి కట్టిన విద్యుద్దీపాల కంటే ఈ వసారాలకు వేలాడే కాగితపు నక్షత్రాలే ముందు వెలుగుతాయి. ఎస్టేట్ సంత అనే మాటకు అసలు అర్థం కూడా వీళ్ళ దగ్గరే ఉంది. జీతాల తర్వాత వచ్చే వారపు సంతలో కుటుంబమంతా కిందికి దిగి బియ్యం, గుడ్డలు, పిల్లలకు బొమ్మలు, క్రిస్మస్‌కి మైదా, చక్కెర, ఎండుద్రాక్ష కొనుక్కుని పోతారు. మనం చలికి టోపీ పెట్టుకుని చూడబోయే తోటలో ఉదయం నుంచి నడుముకు బుట్ట కట్టుకుని నిలబడ్డ మనిషి అక్కడ కొనుగోలుదారు.

యూరప్ సంతలో తేనె రొట్టె కొన్నవాడికి అందులోని ఏలక్కాయ ఎవరు కోశారో తెలియదు. తెలుసుకునే దారీ లేదు. పోదనూరు నుంచి కొండెక్కే మనకు ఆ దారి ఉంది. టీ పొట్లం కొన్నా, శాలువా కొన్నా, కేకుకు ఆర్డరిచ్చినా చేసిన చేతులు ఎదురుగానే ఉంటాయి. మన భాషలో కాకపోయినా రెండు మాటలు మాట్లాడొచ్చు. ధర న్యాయంగా ఇవ్వొచ్చు. ఆ రెండూ చేసినవాళ్ళే ఈ సంతను పూర్తిగా చూసినట్టు. ఇక మిగిలింది సెలవు పెట్టడం, అక్టోబరులో టికెట్టు కొనడం, ఒక ఖాళీ సంచి ఎక్కువ పట్టుకెళ్ళడం.